ముస్లిం అయితే ఏంటట?

2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల మాట వస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒబామా 1961లో హవాయిలోని హోనోలులులో పుట్టాడు. చర్చికి వెళ్ళే క్రైస్తవుడు. అయినా దొంగచాటు ముస్లిం అని, కెన్యాలో పుట్టాడని ఈమెయిళ్ళు తెగ తిరిగాయి. పేరు మధ్యలో హుస్సేన్ అని ఉండటమే పెద్ద సాక్ష్యమట!

మినసోటా రాష్ట్రంలో ఎన్నికల ప్రచార సభలో ఒకావిడ 'అతను అరబ్బు' అంటే, ఒబామాకు ప్రత్యర్థి అయిన రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ మైకు తీసుకుని, కాదమ్మా, మంచి కుటుంబీకుడు, ఈ దేశ పౌరుడు అన్నాడు. సొంత జనం ముందు అలా అనడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. మరి అరబ్బు అయితే మంచి కుటుంబీకుడు కాడా? ముస్లిమే అయితే మాత్రం తప్పేంటని టీవీలో సూటిగా అడిగింది మాజీ విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్. ఆయనా రిపబ్లికనే.

2011లో ఒబామా తన పూర్తి జనన ధ్రువపత్రం బయటపెట్టినా కొందరి నోళ్ళు మూతపడలేదు.

మనవాళ్ళలోనూ ఇలాంటివి నమ్మి పంచేవాళ్ళున్నారు, అదే నా బాధ. 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు, ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. అది తెలిసి కూడా ఎలా ఫార్వర్డ్ చేస్తారండీ?