పాలసీ ఉన్నా టీకా డబ్బు చేతి నుంచే

‘హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుంటే పిల్లల టీకాల ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు’ అని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. ఆ మాట నమ్మి పాలసీ కట్టేవాళ్లు మోసపోతారు. మన దగ్గర మామూలు పాలసీ ఆస్పత్రిలో చేరితేనే పనిచేస్తుంది. టీకా వేయించుకుని పది నిమిషాల్లో బయటికి వస్తే క్లెయిమ్ ఎక్కడిది? కుక్క కరిచాక వేసే ఇంజెక్షన్ల ఖర్చు మాత్రం చాలా పాలసీల్లో ఇస్తారు కానీ, దానికీ షరతులుంటాయి. ప్రసూతి కవర్ ఉన్న కొన్నింటిలో మాత్రం బిడ్డకు మొదటి ఏడాది టీకాల ఖర్చు ఇస్తారు, అదీ ఒక పరిమితి వరకే.

విశాఖలో మా ఎంవీపీ కాలనీ వైపు ఒక పిల్లల క్లినిక్‌లో మనవడికి టీకా వేయించాం. చీటీ మీద ‘వ్యాక్సినేషన్’ అని ఒకే ముక్క, కింద మొత్తం. విడిగా రాసివ్వమంటే రిసెప్షన్ అమ్మాయి విసుక్కుంది. గట్టిగా అడిగితే మందు ధర, డాక్టర్ ఫీజు, సూది వేసినందుకు ఇంకో చార్జీ బయటపడ్డాయి. ఓపీడీ కవర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికీ డబ్బిచ్చేది) ఉన్నవాళ్లకైనా ఈ వివరాలు, బ్యాచ్ నంబరు లేని బిల్లు చెల్లడం కష్టం.

అసలు బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటావైరస్, న్యుమోకాకల్, మీజిల్స్-రుబెల్లా ఇవన్నీ ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లోనూ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనూ ఉచితమే. రోటావైరస్ టీకా 2016లో దేశంలో మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చికెన్‌పాక్స్, ఫ్లూ లాంటివాటికే జేబు తడుముకోవాలి. వ్యాసంలో ఈ సంగతి ఒక్క లైనైనా లేదేం?