డెబ్భై ఏడు అక్షరాల దుబారా

తెలుగు పద్యంలో దుబారా ఎక్కడుందో మొత్తానికి తేలింది. తేల్చింది మా మేనల్లుడి ట్యూషన్ మాస్టారు.

వాడు పదో తరగతి. ఒక పాదం ఇచ్చి, గణవిభజన చేసి, అంటే అక్షరాల్ని గురులఘువుల గుంపులుగా విడగొట్టి, ఏ పద్యమో చెప్పమంటారు. మాస్టారి షార్ట్‌కట్ ప్రకారం మొదటి మూడక్షరాలు చూస్తే చాలు. బరువుగా పలికే గురువు, తేలిగ్గా పలికే రెండు లఘువులు ఉంటే ఉత్పలమాల. మూడూ లఘువులైతే చంపకమాల, మూడూ గురువులైతే శార్దూలం. రెండు లఘువుల మీద గురువు పడితే మత్తేభం. ఆ తర్వాత బట్టీ కొట్టిన గణాల వరస, ఉత్పలమాలకైతే 'భరనభభరవ', దింపేయడమే.

తప్పు పట్టడానికేం లేదు. ఉత్పలమాల నాలుగు పాదాలకు 80 అక్షరాలు. మూడు చాలినప్పుడు మిగతా 77 ఎందుకండీ? పదో అక్షరం దగ్గర యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి అది జత కుదరాలని, జుట్టు పీక్కోవడం ఎందుకు? ప్రాస అంటారా, అది రెండో అక్షరమే కాబట్టి ఆ మూడింట్లోనే దక్కుతుంది. నన్నయగారికి ఈ కిటుకు తెలిసుంటే అరణ్యపర్వం సగంలో ఆగేదే కాదు.

మొన్న నాగోలులో మెట్రో ఎక్కాం. వాడు స్టేషన్లకు గణవిభజన మొదలెట్టాడు. నాగోలు తగణం, అంటే రెండు గురువుల మీద లఘువు. ఉప్పల్ రెండు గురువులు, గట్టి ఊరు. తార్నాక మళ్లీ తగణం. హబ్సిగూడ, మెట్టుగూడ ఒకటే తూకం, గురువు లఘువు జంటలుగా రెండేసి సూర్యగణాలు!

"మరి విశ్వదాభిరామ వినురవేమ?" అన్నాను.

"ఐదూ సూర్యగణాలే మామయ్యా."

"ఏదీ, చదువు."

కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు.

పదేళ్లు తెలుగు చదివిన పిల్లాడి చేత ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి గొంతెత్తి పద్యం చదివించలేదు! గణం అనే మాటే వినని మా అమ్మమ్మ పిండి రుబ్బుతూ వేమన పద్యాలు వరసగా పాడేది, ఎక్కడా తూకం తప్పేది కాదు. వీళ్లేమో పిల్లల చెవులు మూసేసి, చేతికి పెన్నిచ్చి, పద్యానికి పోస్టుమార్టం చేయిస్తున్నారు. పైగా కొత్త తరానికి తెలుగంటే ఇష్టం లేదని సభలు పెట్టి ఏడవడం. సిగ్గుండాలి.

పెట్టెలో అందరూ చూస్తున్నా నేనే రాగం తీశాను. రెండోసారికి వాడి వేళ్లు బ్యాగు మీద దరువేశాయి. మెట్టుగూడ దాటేసరికి వాడే అందుకున్నాడు.

"హబ్సిగూడ దాటి వినురవేమ!"

ఎదురు సీట్లో పెద్దాయన "భేష్" అన్నాడు. వీడి మొహం మాత్రం వాడిపోయింది.

"హకీ, వికీ యతి కుదరలేదు మామయ్యా. అరమార్కు కోసేస్తారు."