రెఫరల్ చీటీకి ముహూర్తం

రోగిని పీడనం పెంచిన గదిలో ఉంచి ఆక్సిజన్ పీల్పించే హైపర్‌బేరిక్ ఆక్సిజన్ చికిత్స గురించి మన వైద్యులకు తెలియదంటూ కొందరు చేస్తున్న ఆరోపణను తీవ్రంగా ఖండించవలసి ఉంది. సముద్రంలో మునిగి జబ్బుపడే డైవర్లకు ఈ చికిత్స ఇవ్వడం గురించి వారు ఎంబీబీఎస్‌లోనే ఒక పేరా చదివారు, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నారు. ఆ డైవర్ ఇంతవరకు ఓపీకి రాకపోవడం వారి తప్పు కాదు.

వచ్చేది తెల్లారి లేచేసరికి ఒక చెవి మూగబోయిన మనిషి. ఇది నరానికి సంబంధించిన వినికిడి లోపమని తేలితే, స్టెరాయిడ్లతో పాటు ఈ చికిత్సనూ రెండు వారాల లోపు ఇవ్వవచ్చని అమెరికా చెవి వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. అయితే తొందరపాటు మన సంప్రదాయం కాదు కనుక మొదటి వారం గులిమి కరిగించే చుక్కలు, రెండో వారం జలుబు మాత్రలు, ఆ పైన "వయసు మీద పడుతోంది కదండీ" అన్న ఓదార్పు లభిస్తాయి.

తలుపులు బిగించిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వెలిగించుకుని, అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చి స్పృహ తప్పినవారి విషయంలో మన శ్రద్ధ మరీ ముచ్చటగా ఉంటుంది. వేలికి తగిలించిన మీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఖాతాలోనే వేసి 99 చూపిస్తుంది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది" అని కేస్ షీటులో రాసేసి రోగిని ఇంటికి పంపిస్తారు. రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే ఆ విషవాయువు పట్టుకున్న హీమోగ్లోబిన్, ఎంతుందో కొలిపిస్తే కదా, పీడన గదికి పంపాలా వద్దా అన్న ప్రశ్న పుట్టేది!

ఎముక దాకా పుండు పడిన మధుమేహపు పాదానికైతే ముహూర్తం కాలు తీసేశాక గానీ కుదరదు. ఈ పుండ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదన్నది నిజమే. కానీ వాటిని చదివి వద్దనుకున్నవారు వేరు, ఆ చికిత్స పేరే స్ఫురించనివారు వేరు.

ఇక వెల్‌నెస్ సెంటర్లు ఎంతో నయం. ఆసుపత్రి గదిలో రెండు, మూడు రెట్ల వాతావరణ పీడనం ఇస్తారు, తలకు నూనె రాసుకున్నవారిని నిప్పు భయంతో లోపలికి రానివ్వరు. ఇక్కడ 1.3 రెట్ల గాలి సంచీలో పడుకోబెట్టి యవ్వనం తిరిగొస్తుందంటారు. చీటీ అక్కర్లేదు, సభ్యత్వం చాలు. కాబట్టి రెఫరల్ బాధ్యతను ఆ రిసెప్షనిస్టులకే అప్పగిస్తూ ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి. వారైతే కనీసం మర్చిపోకుండా వారం వారం ఫోన్ చేస్తారు.