పీ విలువ ఒక్కటి చూస్తే సరిపోదు

పీ విలువ (అసలు తేడా ఏమీ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా గానీ, ఇంకా ఎక్కువ గానీ కనబడే అవకాశం) 0.05 దాటితే రెండు గుంపుల మధ్య తేడా లేనట్టేనని మీ వ్యాసంలో రాశారు. చిక్కంతా అక్కడే. ఉద్దానం కిడ్నీ జబ్బు మా శ్రీకాకుళంలో అందరికీ తెలిసిందే. ఉద్దానంలోని కవిటిలో 20 మందికి, ఉద్దానం బయట ఉన్న ఆమదాలవలసలో 20 మందికి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేశారనుకోండి. మనిషి మనిషికీ అంకె ఎలాగూ మారుతుంది, అంత తక్కువ మందిలో నిజంగా ఉన్న తేడా కూడా దొరక్కపోవచ్చు. అప్పుడు పీ 0.08 వస్తే ‘తేల్చలేకపోయాం’ అనే రాయాలి. అదే వేలమందిని చూస్తే, ఏ డాక్టరూ లెక్కచెయ్యని, డెసిలీటరుకు 0.02 మిల్లీగ్రాముల క్రియాటినిన్ తేడాకే పీ విలువ 0.05 లోపు పడిపోవచ్చు. తేడా ఎంత పెద్దదో పీ విలువ చెప్పదని అమెరికన్ గణాంక సంఘం 2016లోనే ప్రకటించింది కదా! సగటుల తేడా ఎంత, దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే అంచనా) ఎంత, ముందు ఆ రెండూ వేయండి సార్.