పన్నెండు చెంచాలు

మా వాటాకీ పక్క వాటాకీ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల గోడ. అందులోనే అల్మరా కూడా తొలిచారు. కాబట్టి ఆ ఇంట్లో ఏ పప్పు వండారో, దానికి ఎవరేం వంక పెట్టారో మాకు తెలియకుండా ఉండే వీల్లేదు. ఆయన కరెంటాఫీసులో 36 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. చివరి పదేళ్ళూ మీటర్లు ట్యాంపర్ చేసేవాళ్ళని పట్టుకోవడమే పని. ఆవిడకి రిటైర్మెంటు లేదు. మొన్న ఆదివారం పొద్దున ఏడింటికి గోడ అవతల స్టీలు గలగలతో మొదలైంది.

ఆయన: ఉప్మాలోకి చెంచా ఏదే?

ఆవిడ: ఆ గ్లాసు ముట్టుకోకండి! లెక్కపెట్టి పెట్టుకున్నాను. పొద్దున లేచేసరికి పన్నెండు.

ఆయన: పన్నెండు చెంచాలకీ పూజ చేస్తావా ఏం?

ఆవిడ: ఇవాళ్టికి నా ఓపిక అంతే. పనికొకటి చొప్పున తీసి డ్రాయర్లో పడేసి తాళం వేస్తా. గ్లాసు ఖాళీ అయితే కొట్టు కట్టేసినట్టే.

ఆయన: ఈ వెర్రి ఎక్కడ నేర్చావు?

ఆవిడ: అమ్మాయి ఫోన్లో చెప్పింది. అమెరికాలో క్రిస్టీన్ మిసరాండినో అని ఒకావిడ. లూపస్ జబ్బు. ఒంటిని కాపాడాల్సినవే ఒంటి మీద పడి కొరుకుతాయట. ఆ జబ్బుతో బతకడం ఎలా ఉంటుందే అని స్నేహితురాలు అడిగితే, హోటల్లో బల్లల మీది చెంచాలన్నీ పోగేసి చేతిలో పెట్టిందట. స్నానానికి ఒకటియ్యి, బట్టలు కట్టుకోవడానికి ఒకటియ్యి అంటూ లాక్కుంటూ వచ్చిందట. 2003లో రాసింది.

ఆయన: అది జబ్బు మనుషుల లెక్క. నువ్వు గుండ్రాయిలా ఉన్నావు.

ఆవిడ: జబ్బు లేనివాళ్ళకి ఇంకో నాలుగు ఎక్కువుంటాయేమో, బస్తాల్లో ఉండవుగా. రుబ్బగా రుబ్బగా గుండ్రాయీ అరుగుతుంది. పోనీ మీ భాషలోనే చెబుతా. ఇంటికి మూడు కిలోవాట్ల లోడు రాయించి, ఏసీ, గీజరు, మోటారు ఒక్కసారే వేస్తే ఏమవుతుంది?

ఆయన: (హుషారుగా) ఏముంది, ట్రిప్పవుతుంది!

ఆవిడ: ఈ ఇంట్లో అయ్యేది నేను.

ఆయన: సరే, ఇప్పటికెన్ని వాడావు?

ఆవిడ: నాలుగు.

ఆయన: ఏడింటికే నాలుగా! రీడింగు తప్పు. వివరాలు చెప్పు.

ఆవిడ: నాలుగున్నరకి లేచి నీళ్ళు పట్టి, వాకిలి చిమ్మి, ముగ్గేసినందుకు ఒకటి. కాఫీకి, ఉప్మాకి కలిపి ఒకటి. మీ అక్కయ్యగారి ఫోనుకి ఒకటి.

ఆయన: ఫోనుకి చెంచా ఏమిటే, కూచుని మాట్లాడేదానికి!

ఆవిడ: ‘మా తమ్ముడు చిక్కిపోయాడు, వేళకి ఇంత పెడుతున్నావా’ అని ఆవిడంటుంటే, నవ్వుతూ ‘పెడుతున్నా వదినగారూ’ అనడం ఉంది చూశారూ... దానికంటే పది వాకిళ్ళు చిమ్మొచ్చు.

ఆయన: నాలుగోది?

ఆవిడ: మీ కళ్ళజోడు.

ఆయన: దొరికిందిగా!

ఆవిడ: దొరికింది, మీ నెత్తిమీద. మంచం కిందికి దూరింది మాత్రం నేను. మీరు కుర్చీలోంచి ‘అక్కడ చూశావా, ఇక్కడ చూశావా’ అన్నారు.

(ఇక్కడ నేను ఆవిడ పక్షమే. ఆ కళ్ళజోడు రోజూ పోతుంది, రోజూ అక్కడే దొరుకుతుంది.)

ఆయన: అసలు అలసటంతా మనసులో ఉంటుందే. నాతో పార్కుకి రా. లాఫింగ్ క్లబ్బు! 1995లో ముంబై పార్కులో మదన్ కటారియా అనే డాక్టరు ఐదుగురితో మొదలెట్టాడు. ఇవాళ దేశదేశాల్లో నవ్వుతున్నారు. చేతులు పైకెత్తి హో హో, హా హా హా!

ఆవిడ: నవ్వండి, ఎవరొద్దన్నారు? అరగంట అక్కడ నవ్వి, ఇక్కడ గేటు తీస్తూనే ‘టిఫినింకా అవలేదా’ అని మొహం మాడ్చుకుంటారు. ఉన్న నవ్వులన్నీ పార్కులోనే పంచేసి, ఇంటికి ఖాళీ సంచీ పట్టుకొస్తారేం?

కుక్కరు కూసింది. ఆవిడ లోపలికెళ్ళారు. కాసేపు మాటల్లేవు. ఆయన పాపం ఉప్మా చేత్తోనే తింటున్నారనుకున్నాను.

ఆయన: పోనీ మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు కునుకు తియ్యి.

ఆవిడ: మీ గురకకి స్విచ్చెక్కడుందో చెప్పండి, తీస్తా. రాత్రిళ్ళు మాత్రం తక్కువా? సాయంత్రం ఆరింటికి కాఫీ వద్దు, దాదాపు ఐదు గంటలకి గానీ అందులో సగం ఒంట్లోంచి పోదు అని డాక్టరుగారు చెప్పారా? తాగుతారు. పదకొండింటికి నిద్ర పట్టదు. పట్టకపోతే ఊరుకోవచ్చుగా? నన్ను తట్టి లేపి, ‘నిద్రపోయావా?’ అని అడుగుతారు.

పదకొండింటికి రెండో అంకం.

ఆవిడ: కూరేం చెయ్యమంటారు?

ఆయన: ఏదో ఒకటి చెయ్యి.

టింగుమని ఒక చెంచా వెళ్ళిపోయిన చప్పుడు.

ఆయన: ఇప్పుడు నేనేమన్నానే!

ఆవిడ: వండడం ఎంతసేపండీ? ఏం వండాలో తేల్చుకోవడమే చాకిరీ. దొండకాయలు ఇవాళ దాటితే పండిపోతాయి. మీకు దుంపలు కూడదు. పెరుగు సాయంత్రానికి చాలదు. సిలిండరు ఎప్పుడు పెట్టామో చూడాలి, పాలబ్బాయికి రెండు రోజులు తగ్గించి ఇవ్వాలి. పడుకున్నా ఇవే బుర్రలో తిరుగుతుంటాయి. రిమోటుతో టీవీ కట్టేసినా, ఓ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది చూడండి...

ఆయన: స్టాండ్‌బై. కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది.

ఆవిడ: ఆ. నాది పెళ్ళయినప్పట్నుంచీ ఆరలేదు.

ఆయన: (గొంతు తగ్గించి) దొండకాయ వేపుడు చెయ్యి. కాయలు నేను తరుగుతా.

ఆవిడ: నిజంగానే?

ఆయన: నిజంగానే. చక్రాలా, నిలువుగానా? కత్తెక్కడ? పళ్ళెం ఏదీ?

టింగ్. టింగ్. టింగ్.

ఆయన: సాయం చేస్తానంటే కూడా ఫైనేనా!

ఆవిడ: మీ లైన్‌మెన్ స్తంభం ఎక్కేముందు ఏం తీసుకుంటారు?

ఆయన: ఎల్‌సీ. లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపేశాం, ఎక్కొచ్చు అనే అనుమతి. అది లేకుండా తీగ ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా?

ఆవిడ: మరి వంటింట్లోకి మాత్రం అది లేకుండానే వచ్చేస్తారేం? అదేమిటి... ఎనిమిది పోతే నాలుగుండాలి. మూడే ఉన్నాయి! ఇంకోటి దేనికి వాడానబ్బా?

ఆయన: నువ్వే ఏదో మర్చిపోయుంటావులే. వయసు.

ఆ మూడూ ఎటు పోయాయో నేను వినలేదు, మా ఇంట్లోనూ చెంచాల గొడవే మొదలైంది. రాత్రి ఎనిమిదింటికి మాత్రం ఆవిడ వీధరుగు మీద ఊరికే కూచుని కనిపించారు. లోపల డబ్బాల చప్పుడు.

ఆయన: నా షుగరు మాత్రలెక్క... వద్దులే, వద్దులే. నేనే చూసుకుంటా.

డబ్బాలు. ఏదో కిందపడింది. పావుగంటకి గిన్నెతో బయటికొచ్చారు.

ఆయన: ఇదిగో, పెరుగన్నం. కలిపింది నేనే. ఉప్పు చూసి వేశా.

ఆవిడ: (తింటూ, ఆగి) ఈ చెంచా ఎక్కడిది? డ్రాయరు తాళం నా కొంగునే ఉందే!

ఆయన: అదా... పొద్దున ఉప్మా బాగా కాలిపోతుంటేనూ... ఒకటి జేబులో...

ఆవిడ: అంటే ఇవాళంతా నేను పదకొండింటితో ఈదానా! ఊళ్ళో ఎంతమంది మీద రాశారండీ కేసులు? ఏ సెక్షనది?

ఆయన: 135. విద్యుత్ చట్టం, 2003.

ఆవిడ: శిక్షెంత?

ఆయన: మూడేళ్ళ దాకా జైలు, లేకపోతే జరిమానా. రెండూ కూడా పడొచ్చు.

ఆవిడ: జైలొద్దు. అంట్లు తోమండి.

లోపల కుళాయి విప్పారు.

ఆయన: పీచెక్కడుం...

కుళాయి ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మా ఆవిడా నేనూ అల్మరాకి చెవులానించి నిలబడ్డాం.

ఆయన: (తనలో తనే) దొరికింది. దొరికింది.