నా ముక్కుకి నార్వే చెట్టు పడదట!

కార్తీక మాసం వచ్చిందంటే మా విశాఖలో రెండు తప్పవు. ఒకటి వనభోజనాలు, రెండు తుమ్ములు. మొదటిదానికి బస్సు కట్టించుకుని ఊరి బయటికి పోవాలి. రెండోదానికి ఆ శ్రమ లేదు, వనమే గుమ్మంలోకి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊళ్లో చెట్లన్నీ పీకి పారేశాక, తొందరగా పెరుగుతాయని, పశువులు ముట్టవని రోడ్ల వెంట ఏడాకుల చెట్లు వరసగా నాటారు. మాటంటే మాటే. తొందరగా పెరిగాయి, పశువులూ ముట్టలేదు. పశువులకున్న జ్ఞానం గురించి అప్పుడే కాస్త ఆలోచించి ఉండాల్సింది.

పూర్వం దీని చెక్కతో బడిపిల్లలకి పలకలు చేసేవారట. అందుకే శాస్త్రీయ నామంలో స్కాలరిస్ అని ఉంటుంది. ఇంత చదువుకున్న చెట్టు సాయంత్రం ఏడయ్యేసరికి పూలు విప్పుతుంది, వీధిలో కిటికీలన్నీ మూసుకుంటాయి. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము తుమ్మితే అపశకునం, రెండైతే శుభం అంటారు. నేను మెట్లు దిగేలోపు పదిహేడు తుమ్ముతాను. దానికి శాస్త్రం ఏమంటుందో పంతులుగారినడిగితే ఆయనా తుమ్మారు.

బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నా, హాస్పిటల్లో టోకెన్ పట్టుకుని కూర్చోవడం ఎందుకు? ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు" అని ఓ అలర్జీ కిట్ పంపించాడు. ధర ఆరువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది. ఆ రూపాయి వదిలేసింది మన ఆరోగ్యం మీద ప్రేమతోనే అయ్యుంటుంది.

పెట్టెలో మూడు సూదులు, కాస్త దూది, నాలుగు గుండ్రాలు గీసిన అట్ట, తిరిగి పంపడానికి రెండు కవర్లు, ఒక సూచనల కాగితం. చేతిని గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. చెయ్యి కిందికి వేలాడేసి నిలబడండి. ప్రశాంతంగా ఉండండి. ఈ మూడోదాని దగ్గరే మా ఇంట్లో టెన్షన్ మొదలైంది. మా ఆవిడ బకెట్టు నీళ్లు తెచ్చింది. సూది నొక్కితే అది టిక్కుమంది, నేను అమ్మో అన్నాను, రక్తం మాత్రం రాలేదు. "వేలి కొసన కాదండీ, పక్కన పొడవమంటోంది" అని ఆవిడ కళ్లజోడు సర్దుకుని కాగితం మళ్లీ మొదటినుంచి చదివింది. రెండో సూది. మా అమ్మ మంచం మీంచే, "పాలల్లో పసుపేసుకు తాగరా అంటే వినవు, ఒళ్లంతా పొడుచుకుంటావు" అంది. గిన్నెలు తోమే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు చూసింది. "ఏటి బాబూ, రెండు సుక్కల రగతానికి ఇంత గోలేటి? సేపలు కోసినప్పుడు నాకు దీనికన్నా ఎక్కువొస్తాది" అంది. ఆ అవమానానికో ఏమో, మూడో సూదికి రక్తం పుట్టింది. ఎర్రగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ వేలి మీద నిలిచింది. దాన్ని అట్ట మీది గుండ్రంలోకి దించబోతున్నాను.

తుమ్మాను.

సగం చుక్క అట్ట మీద పడింది. మిగతాది గోడ క్యాలెండర్‌లో ఏకాదశి మీద పడింది. ఉన్నదేదో కవర్లో పెట్టి పంపాం. వారానికి మెసేజ్ వచ్చింది: "మీ శాంపిల్ అందింది. రక్తం సరిపోలేదు. దయచేసి మళ్లీ పంపండి." రెండో కిట్ సగం ధరకే ఇచ్చారు, దయామయులు.

చివరికి రిపోర్టొచ్చింది. ముప్పై ఎనిమిది పేజీలు, రంగురంగుల బొమ్మలు. చదివి తెలుసుకున్నదేమిటయ్యా అంటే, నాకు బర్చ్ చెట్టు పుప్పొడి పడదు. టిమోతీ గడ్డీ పడదు. బర్చ్ అంటే నార్వే, స్వీడన్ వైపు మంచులో తెల్లని బెరడుతో నిలబడే చెట్టు. హిమాలయాల్లో భూర్జపత్రాలిచ్చే చెట్టు దీనికి చుట్టమే, కానీ ఆ చుట్టం మా ఎంవీపీ కాలనీకి ఎన్నడూ వచ్చిన దాఖలా లేదు. నార్వే వెళ్తే జాగ్రత్తగా ఉంటాను. మరి మా గేటు పక్క చెట్టో? ముప్పై ఎనిమిది పేజీలూ తిప్పాను, లేదు. ఖాళీ స్థలాల్లో నడుమెత్తు పెరిగే వయ్యారిభామ? అదీ లేదు. ఏడాకుల పువ్వులో తప్పు పుప్పొడిదా, ఘాటు వాసనదా అని తెలిసినవాళ్లు వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. ఆ వాదనలో ఈ రిపోర్టు నోరే విప్పదు. చూడని చెట్టు మీద తీర్పిస్తుంది, చూస్తున్న చెట్టు ఊసెత్తదు. పైగా రక్తంలో ఐజీఈ, అంటే అలర్జీలో పాలుపంచుకునే ప్రతిరక్షకం, కాస్త కనిపించినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, లక్షణాలతో కలిపి చూడాలన్న ముక్క చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇంట్లో అలర్జీ పరీక్ష చేసుకోవడం తప్పని నేననను. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు అదే పని చేశాడు. తన తుమ్ములకి కారణం వెతుకుతూ పుప్పొడిని తన చర్మం మీదే గీరుకుని రుద్దుకున్నాడు, గాలిపటాలకి జిగురు పలకలు కట్టి పైగాలిలో ఏముందో పట్టుకొచ్చి లెక్కపెట్టాడు, 1873లో అదంతా పుస్తకంగా వేశాడు. తన చుట్టూ ఉన్న గాలిని పరీక్షించాలన్న బుద్ధి ఆయనకి ఎవరూ ఆఫర్ ధరకి అమ్మలేదు.

రిపోర్టు వెనకే మూడు నెలల ట్రీట్‌మెంట్ ప్యాకేజీ ఉంది, రోగనిరోధక శక్తి గమ్మీలతో సహా. నాలుక కింద పెట్టే అసలైన అలర్జీ మందుకి మూడేళ్లు పడుతుంది, అదీ ఏది పడదో సరిగ్గా తెలిస్తే, మొదటి మోతాదు డాక్టరు కళ్లముందు. ఇక ముక్కు దిబ్బడ చుక్కలంటారా, వారం దాటి వాడితే దిబ్బడ వాటివల్లే వస్తుంది. మా బావగారు నాలుగేళ్లుగా ఆ సీసా దిండు కింద పెట్టుకునే పడుకుంటారు. ఆయన గురించి మా చెల్లెలు మాట్లాడుతుంది, నేనెందుకు.

ఇంతవరకూ నా ముక్కు, నా డబ్బు, నవ్వుకుందాం. పై అంతస్తులో రెండో తరగతి చదివే పాప ఉంది. వాళ్లూ ఇలాంటి కిట్టే తెప్పించారు. అందులో ఆహారానికి ఐజీజీ అనే ఇంకోరకం ప్రతిరక్షకం పరీక్ష కూడా ఉచితం. పాలు, గుడ్డు, కందిపప్పు, వేరుశనగ, అన్నిటికీ ఎర్ర గీతలు. ఐజీజీ ఉందంటే ఆ పిల్ల అది తిన్నదని అర్థం, పడలేదని కాదు! 2008లోనే యూరప్ అలర్జీ నిపుణుల సంఘం ఆహారానికి ఐజీజీ4 (ఐజీజీలోనే ఒక రకం) పరీక్ష రోగ నిర్ధారణకి పనికిరాదని చెప్పేసింది. చెప్పినా అమ్ముతున్నారు. రెండు నెలలుగా ఆ పాపకి పాలు లేవు, గుడ్డు లేదు, పప్పన్నం లేదు. పక్కింటి పుట్టినరోజుకి పిల్లలంతా కేకు తింటుంటే ప్లేటులో నాలుగు పుచ్చకాయ ముక్కలు పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. భుజాల ఎముకలు గౌనులోంచి కనిపిస్తున్నాయి. రాత్రిళ్లు పిల్లికూతలు మాకు కిందికి వినిపిస్తాయి. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ అలవాటైపోతుందని బీరువాలో పెట్టారట! తల్లిని ఏమనగలను, భయపడింది. భయపెట్టినవాణ్ణి అనాలి. పసిపిల్ల కంచంలో అన్నం లాక్కుని దానికి వెల్‌నెస్ అని పేరు పెడతావా? ఊపిరాడని పిల్లని పుచ్చకాయ ముక్కలతో సరిపెట్టమంటావా? సిగ్గుండాలి.

నిన్న కాదు మొన్న ఆ పాపని ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మా ఆవిడ దగ్గరుండి పట్టుబట్టింది. ఇన్‌హేలర్ బీరువాలోంచి బయటికొచ్చింది. పప్పన్నం కూడా.

నేను మాత్రం పిట్టగోడ ఎక్కి, ఏడాకుల పూల గుత్తి ఒకటి విరిచి, మిగిలిన రిటర్న్ కవర్లో పెట్టి, "పరీక్షించాల్సింది దీన్ని" అని చీటీ రాసి కొరియర్‌లో పంపాను. నాలుగో రోజు మెసేజ్ వచ్చింది.

"మీ శాంపిల్ అందింది. రక్తం సరిపోలేదు. దయచేసి మళ్లీ పంపండి."