"క్యాన్సిల్ బటన్ నొక్కు" అంటే ఏ క్యాన్సిల్?

"కోడింగ్ రాకపోయినా పర్లేదు, మామూలు మాటల్లో చెప్పండి చాలు." మనిషి బదులు తానే వెబ్ పేజీల్లో బటన్లు నొక్కి టెస్ట్ చేసే ఆటోమేషన్ టూల్ అమ్మే ప్రతివాళ్లదీ ఇప్పుడు ఇదే పాట. అబద్ధమేం కాదు, కానీ సగమే చెప్తున్నారు. మామూలు మాటల్లో చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. అది చెప్పకుండా టూల్ చేతిలో పెడితే, మాన్యువల్ టెస్టింగ్ నుంచి వచ్చినవాళ్లు ప్రతి ఫెయిల్యూర్‌కీ "మనకి కోడింగ్ రాదు కదా, అందుకే" అని తమనే తిట్టుకుంటారు.

అమీర్‌పేట కోచింగుల్లో సెలీనియం అనే ఆటోమేషన్ టూల్ నేర్చుకున్నవాళ్లకి ఎక్స్‌పాత్, అంటే పేజీలో ఒక బటన్ ఎక్కడుందో చెప్పే దారి, తెలిసే ఉంటుంది. క్రోమ్‌లో రైట్ క్లిక్ చేసి, ఇన్‌స్పెక్ట్‌లోకి వెళ్లి ఫుల్ ఎక్స్‌పాత్ కాపీ చేస్తే వచ్చేది ఏమిటి? బాడీలో రెండో డివ్ (పేజీని కట్టే డబ్బా), దాంట్లో మూడో డివ్, టేబుల్‌లో నాలుగో వరుస, ఆరో గడి. సందు మొదట్నుంచి లెక్కపెట్టి నాలుగో ఇల్లు అని అడ్రస్ చెప్పడం లాంటిది. పైన ఒక ఆఫర్ బ్యానర్ వచ్చిందంటే లెక్క మొత్తం తప్పుతుంది. "కుడివైపున్న నీలం బటన్" అని తెలుగులో చెప్పినా జరిగేది ఇదే. మొబైల్ సైజులో కుడివైపుది కిందికి దిగుతుంది, థీమ్ మారితే నీలం పోతుంది. భాష మారింది గానీ అడ్రస్ అదే.

చెప్పాల్సినవి మూడే. అది ఏంటి (బటనా, లింకా, చెక్‌బాక్సా), దాని పేరేంటి, ఎవరి దగ్గరుంది (ఏ వరుసలో, ఏ భాగంలో).

ఆర్డర్ల పేజీనే తీసుకోండి. పది వరుసలు, ప్రతి వరుసలోనూ ఒక క్యాన్సిల్. "క్యాన్సిల్ బటన్ నొక్కు" అంటే పది దొరుకుతాయి. ప్లేరైట్ అనే ఇంకో టూల్ అయితే అక్కడే ఆగి, పది మ్యాచ్ అయ్యాయని ఎర్రర్ ఇస్తుంది. సెలీనియంలో ఒక్క ఎలిమెంట్ కావాలని అడిగితే చప్పుడు లేకుండా మొదటిది ఇచ్చేస్తుంది. ఏడో ఆర్డర్ పోవాల్సింది మొదటి ఆర్డర్ పోతుంది, టెస్ట్ మాత్రం పచ్చగా పాస్! ఎర్రగా ఫెయిలైనదాన్ని ఎవరో ఒకరు చూస్తారు, ఈ పచ్చదాన్ని ఎవరూ చూడరు.

అందుకని "ఆర్డర్ నంబర్ 4521 ఉన్న వరుసలో, క్యాన్సిల్ అనే బటన్" అనండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ప్లేరైట్ మామూలుగా పేరులో ఆ ముక్క ఉంటే చాలనుకుంటుంది. 14521 ఉన్న వరుస కూడా దొరుకుతుంది, "క్యాన్సిల్ ఆల్" కూడా దొరుకుతుంది. "సరిగ్గా ఇదే" అని చెప్పి తీరాలి.

పేరు తెరమీద చూసి టైప్ చేయకండి, ఇన్‌స్పెక్ట్‌లో కోడ్ నుంచి కాపీ చేయండి. తెరమీద అన్నీ పెద్దక్షరాల్లో ఉన్న సబ్‌మిట్ అసలు కోడ్‌లో చిన్నక్షరాల్లో ఉండొచ్చు, పెద్దగా చూపించేది సీఎస్ఎస్, అంటే పేజీ రూపు దిద్దే కోడ్. తెలుగు పేజీల గోల ఇంకోటి. "లాగిన్" చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం అతుక్కుని ఉండొచ్చు. చూపుకి రెండూ ఒకటే, టూల్‌కి రెండూ వేరు. గంటలు తినేస్తుంది ఇది.

ఇక పెన్సిల్ బొమ్మ ఒక్కటే ఉన్న ఎడిట్ బటన్. దానికి పేరే లేకపోతే మీరు ఏ భాషలో పిలిచినా ఎలా పలుకుతుంది? ఇన్‌స్పెక్ట్‌లో యాక్సెసిబిలిటీ ట్యాబ్ తెరిచి నేమ్ దగ్గర ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే తప్పు మీది కాదు, పేజీ కట్టినవాళ్లది. డెవలపర్‌ని ఏరియా లేబుల్ (కోడ్‌లో బటన్‌కిచ్చే పేరు) పెట్టమనండి. మొహమాటపడాల్సిన పనిలేదు, ప్రతి కంట్రోల్‌కీ పేరు ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో 4.1.2 నియమం, అదీ కనీస స్థాయి అయిన లెవెల్ ఎ లోనే. చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ కూడా ఆ పేరునే చదువుతుంది. బటన్‌లా వేషం వేసిన డివ్‌లదీ ఇదే కథ.

పేమెంట్ పేజీలో కార్డ్ నంబర్ బాక్స్ దొరకట్లేదంటే అది పేజీలో పెట్టిన ఇంకో పేజీలో, అంటే ఐఫ్రేమ్‌లో ఉందేమో చూడండి, ముందు ఫ్రేమ్ చెప్పి తర్వాత బాక్స్ చెప్పాలి. పొడుగు లిస్టుల్లో కింది వరుసలు స్క్రోల్ చేసేదాకా పేజీలోకే రాకపోవచ్చు.

టూల్ కొనేముందు డెమోలో ఒక్క పని చేయించండి. రెండు డిలీట్ బటన్లున్న పేజీ ఇచ్చి, ఉత్తినే "డిలీట్ నొక్కు" అనండి. "ఏది?" అని అడిగితే మాట్లాడదాం. అడక్కుండా నొక్కేసిందా, ఆ డెమో కాల్ అక్కడితో కట్ చేయండి.